రంగత్‌లో రెండు నెలల శిక్షణ

అండమాన్ అనగానే మనలో చాలమందికి సెల్యులార్ జైలు, తెల్లని ఇసుక తీరాలు, గాజు అడుగు పడవలు స్ఫురిస్తాయి. ఎల్.టి.సి. మీద వెళ్ళి వచ్చిన మన సహోద్యోగులు భోజన విరామంలో చూపే ఛాయాచిత్రాలన్నీ ఇంచుమించు ఒకే రీతిగా ఉండుటకు కారణమదే. 2024 మే మాసములో మేమిద్దరమును ఎల్.టి.సి. మీదనే బయలుదేరినాము. అయితే మా గమ్యము ఆ ఛాయాచిత్రాలలో కనిపించే ఊరు కాదు. మధ్య అండమాన్‌లోని రంగత్. అక్కడ మా చెల్లెలి కుటుంబము పాతికేళ్ళుగా నివసిస్తున్నది. శ్రీకాకుళం జిల్లా నుండి వలస వెళ్ళిన మా బావమరిదికి రంగత్ బజారులో ఇనుప సామాను దుకాణమున్నది. వారి అమ్మాయి శ్రీకాకుళంలో బి.కాం. చదువుచున్నది. ఆ వేసవిలో ఆ అమ్మాయి తన ఊరిలోనే ఒక బ్యాంకు శాఖలో శిక్షణ పొందుచున్నదని తెలిసి, “మామయ్యా, ఈసారైనా రండి” అన్న ఆహ్వానాన్ని కాదనలేకపోయినాము.

ప్రయాణము

చెన్నై మీదుగా విమానంలో పోర్టుబ్లెయిర్ చేరుకున్నాము. మేము వెళ్ళిన నాటికి ఆ నగరము పేరు పోర్టుబ్లెయిరే. అదే ఏడాది సెప్టెంబరులో శ్రీ విజయపురమని మార్చినారు. అక్కడి నుండి రంగత్‌కు రోడ్డు మార్గాన సుమారు 170 కిలోమీటర్లు. దూరము చూచి మూడు గంటల ప్రయాణమని లెక్క వేసుకున్న మా అంచనా జిర్కాటాంగ్ తనిఖీ కేంద్రము వద్దనే తలక్రిందులైనది.

అక్కడి నుండి జారవాల అభయారణ్యము మొదలవుతుంది. వాహనాలన్నీ నిర్ణీత వేళలలో, పోలీసు కాపుదలతో, వరుసగా సాగిపోవలెను. మధ్యలో ఆగరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు, తినుబండారాలు ఇవ్వరాదు. ఆ అడవి వారి ఇల్లు. వారి ఇంటి నడుమ నుండి మనము రోడ్డు వేసుకున్నాము. ఈ మాట గుర్తుంచుకొని తలవంచుకొని ప్రయాణించుటయే మర్యాద అని మాకు తోచినది. ఆకాశము కనబడనంత ఎత్తైన చెట్ల మధ్య గంటకు పైగా సాగి, మిడిల్ స్ట్రెయిట్ అనే ఇరుకు జలసంధి వద్దకు చేరుకున్నాము. బస్సులు, లారీలు, మనుషులు అందరూ ఒకే పడవ మీదికి ఎక్కి బారాటాంగ్ దీవికి దాటవలెను. దీవికి అవతలి చివరనున్న హంఫ్రీ జలసంధిని కూడ పూర్వము ఇదే విధంగా దాటేవారు. ఇప్పుడక్కడ ఆజాద్ హింద్ ఫౌజ్ సేతువు అనే వంతెన ఉన్నది. వృత్తిరీత్యా వంతెన కనబడితే స్తంభాలను లెక్కించే అలవాటు మాకున్నది గాని, ఆ మడ అడవుల పచ్చదనములో లెక్క తప్పిపోయినది.

కదంతల దాటిన తరువాత ఊళ్ళు, వరి పొలాలు, పోక తోటలు కనిపించసాగినవి. రంగత్ చేరేసరికి మధ్యాహ్నము దాటినది.

రామాయణము పేర్ల ఊళ్ళు

రంగత్ చిన్న పట్టణము. ఒక బజారు, బస్సు స్టాండు, ఆసుపత్రి, పాఠశాలలు, గుడులు, కొన్ని కార్యాలయాలు. అయితే చుట్టుపట్ల ఊళ్ళ పేర్లు విన్న తెలుగువారెవరైనా ఆశ్చర్యపోక తప్పదు. పంచవటి, పర్ణశాల, శబరి, మిథిల, జనకపూర్, దశరథ్‌పూర్, ఊర్మిళాపూర్! భద్రాచలం దగ్గర పర్ణశాల ఒక్కటే మనకు తెలుసు. ఇక్కడ పర్ణశాలకు బస్సు ఎక్కవచ్చును. దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వము ఈ దీవులలో భూములిచ్చినది. అడవిని నరికి ఊళ్ళు కట్టుకున్న ఆ తరము పడిన పాట్లు తలచుకుంటే, వనవాస కథలోని పేర్లు ఈ ఊళ్ళకు తగినవే అనిపించినది.

బజారులో పది నిమిషాలు నిలుచుంటే నాలుగైదు భాషలు వినబడతాయి. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్, నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో బెంగాలీ మాతృభాషగా గలవారు నూటికి 28 మందికి పైగా, తమిళులు 15, తెలుగువారు 13 మందికి పైగా ఉన్నారు. ఆ తెలుగువారిలో శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాల నుండి వచ్చిన మత్స్యకారులు ఎక్కువ. రంగత్ బే రేవు వైపు వెళ్ళినప్పుడు వలలు బాగుచేసుకొనుచున్న వారి మాటలలో మన ఉత్తరాంధ్ర యాస యథాతథంగా వినబడినది. ఆమ్‌కుంజ్ తీరము, ధనీనాలా వద్ద మడ అడవి నడుమ సుమారు 700 మీటర్ల పొడవున కట్టిన చెక్క బాట, తాబేళ్ళు గుడ్లు పెట్టే కత్‌బర్ట్ బే చూచినాము. తాబేళ్ళ కాలము శీతకాలములోనే ముగిసినందున ఇసుక మాత్రమే మిగిలినది.

ఒక చిన్న లెక్క చెప్పుట ఇంజనీరుకు తప్పదు. మన దేశ ప్రామాణిక కాలము కాకినాడ సమీపాన పోయే 82½ డిగ్రీల రేఖాంశానిది. రంగత్ దాదాపు 93 డిగ్రీల వద్దనున్నది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు మన గడియారము కన్న దాదాపు 42 నిమిషాలు ముందుంటాడు. మేము వెళ్ళిన దినాలలో ఉదయము ఐదు గంటలకే తెల్లవారిపోయేది. బ్యాంకు మాత్రము గడియారము ప్రకారమే పది గంటలకు తెరుస్తారు. దూరపు పల్లెల నుండి తొలి బస్సుకు వచ్చినవారు అప్పటికే మెట్ల మీద కూర్చొని ఉండేవారు.

బల్లకు ఇవతల

ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుండి డిగ్రీ విద్యార్థులందరికీ శిక్షణ తప్పనిసరి అయినది. తరగతి గదిలో చదివినది బయట ఎట్లు జరుగుచున్నదో చూచి, ప్రతిదినము దినచర్య వ్రాసి, చివరకు నివేదిక సమర్పించవలెను. ఈ శిక్షణల మీద మాకు మొదట గొప్ప అభిప్రాయము లేదు. మన కర్మాగారానికి వచ్చే విద్యార్థులలో కొందరు ధ్రువపత్రము కొరకే వచ్చుట మనమెరిగినదే. పైగా మా మేనకోడలు లెక్కలలో చురుకైనది. కంప్యూటరు వైపు పోవలెనని మా కోరిక. “పాసు పుస్తకాలు అచ్చు వేయుటకు రెండు నెలలెందుకమ్మా?” అని వచ్చిన రాత్రే అన్నాము. ఆ అమ్మాయి నవ్వి ఊరుకున్నది.

తరువాతి దినాలలో ఆమె దినచర్య పుస్తకము చూచినాము. శిక్షణార్థికి బ్యాంకు కంప్యూటరులో ప్రవేశము లేదు, నగదు ముట్టుకొనుటకు అనుమతి లేదు. ఆమెకు ఇచ్చినది ద్వారము ప్రక్కన ఒక బల్ల, కుర్చీ. ఫారాలు నింపలేనివారికి సాయము చేయుట, ఏ కిటికీ వద్దకు పోవలెనో చెప్పుట, జనము లేనప్పుడు నిబంధనల పుస్తకాలు చదువుట ఆమె పని. ఫారాలు హిందీలోను, ఇంగ్లీషులోను ఉండేవి. వచ్చేవారిలో చాలమంది బెంగాలీ, తమిళము, తెలుగు మాట్లాడేవారు. ఆ అమ్మాయి ఆ ఊరిలో పెరిగినందున నాలుగు భాషలూ మాట్లాడగలదు. శాఖాధికారికి ఆమె వలన కలిగిన ఉపకారము తక్కువది కాదు.

ఆ పుస్తకములో ఒక పుట ఇట్లున్నది. ఒక వృద్ధుడు ఆంధ్రా బ్యాంకు పాసు పుస్తకము తెచ్చి, “ఈ బ్యాంకు లేదట గదా, నా డబ్బు బ్రతికున్నదా?” అని అడిగినాడు. 1923లో బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన సంగతి ఆయనకు సగమే తెలిసినది. డబ్బు ఎక్కడికీ పోదనియు, ఖాతా యూనియన్ బ్యాంకులో కొనసాగుననియు, అయితే రెండేళ్ళు లావాదేవీలు లేకున్న ఖాతా నిద్రాణమవుననియు, పదేళ్ళు దాటిన ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి పోవుననియు, అప్పుడైనను అడిగి తిరిగి పొందవచ్చుననియు ఆమె వివరించినది. ఆయన చివరకు అడిగిన ప్రశ్న, “అయితే నేను సోంపేట పోవాలా?” అని. అందుకు సమాధానము కొరకు ఆమె ఆ రాత్రి ఇంటిలో వెదకినది.

సముద్రము క్రింది తీగ

ఒక సాయంత్రము మాటల నడుమ మేము మన సాంకేతిక రంగము గొప్ప చెప్పుకున్నాము. పూర్వము ఈ దీవులకు ఉపగ్రహ సంబంధమే ఆధారము. మబ్బు పట్టినదన్నను, రద్దీ పెరిగినదన్నను బ్యాంకులో “లింకు లేదు” అన్న మాటే వినబడేదని మా బావమరిది చెప్పినాడు. ఒక్క డ్రాఫ్టు కొరకు మూడు దినాలు తిరిగిన జ్ఞాపకము అతనికున్నది. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న ప్రారంభమైన సముద్రగర్భ కేబులు ఆ స్థితిని మార్చినది. సుమారు 2,312 కిలోమీటర్ల పొడవు, దాదాపు 1,224 కోట్ల రూపాయల వ్యయము. చెన్నై నుండి పోర్టుబ్లెయిర్‌కు, అక్కడి నుండి మరి ఏడు చోట్లకు ఆ తీగ పోవుచున్నది. ఆ ఏడింటిలో రంగత్ ఒకటి, దాని ఎదుటనున్న లాంగ్ ఐలాండ్ ఒకటి. “ఇక నీ బ్యాంకు అంతా జేబులోని ఫోనులోనే. నీ బల్ల ఎంతకాలము ఉంటుందమ్మా?” అన్నాము.

“ఫోనులో చేసుకోగలవారు నా దగ్గరకు రారు మామయ్యా. చేసుకోలేనివారే వస్తారు” అన్నది.

ఆ మాటలోని బరువు మాకు రెండు దినాల తరువాత గాని తెలియలేదు.

ఏడేళ్ళు

ఆ గురువారము అమ్మాయి ఇంటికి వచ్చి అన్నము సరిగా తినలేదు. మా శ్రీమతి అడుగగా విషయము చెప్పినది, పేరు మాత్రము చెప్పలేదు. బల్ల దగ్గర చూచినది ఇంటిలో చెప్పరాదన్నది మొదటి దినమే నేర్పిన పాఠమట. పేరు లేకుండ చెప్పినది ఇది. మన వైపు మత్స్యకార స్త్రీ. భర్త ఒకటిన్నర ఏడాది క్రితము చేపలవేటకు పోయి తిరిగి రాలేదు. పడవ విరిగిన ముక్క దొరికినది, మనిషి దొరకలేదు. ఖాతా భర్త ఒక్కని పేరనే ఉన్నది. నామినీ గడి ఖాళీ. లోగడ ఒకసారి వచ్చినప్పుడు బ్యాంకులో ఎవరో, “మరణ ధ్రువపత్రము కావాలి, అది లేకుంటే ఏడేళ్ళు ఆగాలి” అని చెప్పి పంపినారు. ఆమె మారుమాట లేక వెళ్ళిపోయినది. ఇప్పుడు పిల్లవాని బడి ఖర్చులకు మరల వచ్చినది.

“ఏడేళ్ళంటే మా గుంటడికి మీసాలొచ్చేత్తాయి గదా పాపా” అన్నదట.

ఏడేళ్ళన్న మాట అబద్ధము కాదు. ఏడేళ్ళుగా జాడ తెలియని మనిషిని మరణించినట్లు న్యాయస్థానము భావించవచ్చునని 1872 నాటి సాక్ష్య చట్టము చెప్పినది. 2024 జులై నుండి అమలులోనికి వచ్చిన కొత్త చట్టములో కూడ ఆ ఏడేళ్ళ నియమమే ఉన్నది. మేమును అదే అన్నాము. “చట్టము అట్లున్నప్పుడు నీవేమి చేయగలవమ్మా? నీవు శిక్షణకు వచ్చినదానవు. పెద్దల పనిలో చేయి పెట్టక నీ నివేదిక నీవు వ్రాసుకో” అని హితవు చెప్పినాము. ముప్పది ఏళ్ళ ఉద్యోగము మాకు నేర్పిన జాగ్రత్త అది.

ఆ అమ్మాయి కొంతసేపు మౌనంగా ఉండి, “నివేదికలో ఏమని వ్రాయమంటారు మామయ్యా? ఆమెకు ఏ ఫారము ఇవ్వాలో నాకు తెలియలేదని వ్రాయనా?” అన్నది. మా దగ్గర జవాబు లేదు. మా శ్రీమతి మాత్రము, “తెలియకుంటే తెలుసుకో. చదువుటకే గదా వెళ్ళినావు” అన్నది.

ఆ రాత్రి మొదటి వాన వచ్చినది. నైరుతి ఋతుపవనము మన తీరము చేరుటకు ఎన్నో దినాల ముందే ఆ దీవులను తాకుతుంది. రేకుల కప్పు మీద వాన మ్రోతలో ఆమె దీపము క్రింద కూర్చొని బ్యాంకువారి వెబ్‌సైటులోని నిబంధనల పత్రాలు ఒక్కొక్కటి చదివినది. ఖాతాదారు మరణించినప్పుడు సొమ్ము చెల్లించే విధానమున్నది. దాని చివరి పుటలలో “కానరాకుండా పోయినవారు” అన్న శీర్షిక క్రింద ఒక పేరా ఉన్నది. 2008 మే 2న రిజర్వు బ్యాంకు అన్ని వాణిజ్య బ్యాంకులకు ఒక ఉత్తరువు పంపినది. సామాన్యులకు కష్టము కలుగకుండుటకై ప్రతి బ్యాంకు ఒక పరిమితి నిర్ణయించుకొని, ఆ పరిమితికి లోబడిన సొమ్మును న్యాయస్థానపు తీర్పు కొరకు పట్టుపట్టక చెల్లించవచ్చునని దాని సారాంశము. అందుకు కావలసినవి మూడు: పోలీసుల వద్ద ఇచ్చిన ఫిర్యాదు ప్రతి, మనిషి జాడ దొరకలేదని పోలీసులు ఇచ్చే నివేదిక, తరువాత ఏ చిక్కు వచ్చినను బాధ్యత వహించెదనన్న హామీపత్రము.

మరునాడు ఆమె ఆ స్త్రీకి కబురు పంపలేదు. ముందుగా శాఖాధికారికి ఆ పేరా చూపినది. “ఇస్తామని చెప్పే అధికారము నాకు లేదు. ఆశ పెట్టి తరువాత లేదంటే మొదటి మాటకన్న అది ఎక్కువ బాధ గదా మామయ్యా” అన్నది. ఆ వివేకము మేము నేర్పినది కాదు. శాఖాధికారి ఆ ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చినవారు. లోగడ ఆమెకు ఏడేళ్ళని చెప్పినది ఆయన కాదు. ఆయన ఆ పేరాను రెండుమార్లు చదివి, పై కార్యాలయానికి ఫోను చేసి, ఖాతాలోని సొమ్ము పరిమితి లోపలనే ఉన్నదని నిర్ధారించుకొని, తానే ఆమెను పిలిపించినారు. పోలీసు ఫిర్యాదు నాటిదే ఉన్నది. జాడ దొరకలేదన్న నివేదిక మాత్రము తెచ్చుకొనవలసి వచ్చినది.

మొదట తప్పు చెప్పినవారి మీద కోపగించుకొనుట సులభము. కాని మేము అట్లు చేయలేకపోయినాము. వారును మావలె తమకు తెలిసినంత చట్టము చెప్పి ఊరుకున్నారు. రాత్రి భోజనము దగ్గర మేము చేసిన పని కూడ అదే. సముద్రము క్రింద వేసిన తీగలో వార్త చెన్నై నుండి రంగత్‌కు సెకండులో ఒక చిన్న భాగములో వస్తుంది. 2008 నాటి మాట ఒకటి మాత్రము ఆ కిటికీ వద్దకు వచ్చుటకు పదహారేళ్ళు పట్టినది. అది తీగ లోపము కాదు. ఉన్నదానిని చదివి, ఎదుట నిలుచున్నవారి భాషలో చెప్పేవారు కావలెను.

రేవులో ఒక ఆదివారము

ఆ సంగతి అక్కడితో ఆగలేదు. నామినీ గడి ఖాళీగా ఉన్న ఖాతాలు ఇంకెన్ని ఉన్నవో అన్న ఆలోచన శాఖాధికారికి కలిగినది. మేము తిరిగి వచ్చే ముందటి ఆదివారము రంగత్ బే వద్ద మత్స్యకారుల ఇళ్ళ నడుమ ఒక బల్ల వేసి నామినేషను ఫారాలు నింపించినారు. డి.ఏ.1 అని ఆ ఫారానికి పేరు. ఖర్చు లేదు, ముద్ర లేదు. ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా ఫారములు కూడ ఆ ప్రక్కనే ఉంచినారు. మా శ్రీమతి మజ్జిగ అందించినది, మేము పెన్నులు అందించినాము. మా ఇంజనీరింగు పట్టాకు ఆ దినమున దొరికిన ఉపయోగము అంతే.

“పేరు ఎవరిది వ్రాయాలి?” అని అడిగినప్పుడు చాలమంది మగవారు కొంత సిగ్గుతో భార్య పేరు చెప్పినారు. ఒకాయన, “నేను చచ్చిపోతానని కాగితం మీద రాయించుకుంటన్నారా?” అని నవ్వించినాడు. తిరిగి వచ్చి వ్రేలిముద్ర వేసినది కూడ ఆయనే. దూరంగా తాటాకు పందిరి క్రింద ఒక స్త్రీ వల అల్లుచున్నది. ఆమెయేనా అని మేము మా మేనకోడలిని అడుగలేదు. అడిగినను ఆ అమ్మాయి చెప్పేది కాదు.

తిరుగు ప్రయాణము

ఆగస్టులో ఫోను వచ్చినది. “మామయ్యా, ఆ పని అయినది” అన్న ఒక్క వాక్యము. ఏ పని అని మేము అడుగలేదు. బాలుని బడి ఆగలేదన్న మాట మా చెల్లెలు వేరుగా చెప్పినది. మా మేనకోడలు నివేదికకు మంచి మార్కులే వచ్చినవి. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకు చదువుచున్నది. కంప్యూటరు మాట మేము మరల ఎత్తలేదు.

ఈ వ్యాసము వ్రాయుటకు ఇంకొక కారణమున్నది. తిరిగి వచ్చిన తరువాత మా సొంత కాగితాలు తీసి చూచినాము. ఉద్యోగములో చేరిన కొత్తలో తెరచిన ఖాతాకు నామినీగా మా తల్లిగారి పేరున్నది. ఆమె స్వర్గస్థులై పదకొండేళ్ళయినది. భవిష్య నిధి కాగితాలలో వివాహానికి పూర్వము వ్రాసిన తండ్రిగారి పేరే ఉన్నది. వివాహమైన పిదప ఆ నామినేషను చెల్లదనియు, కొత్తది ఇవ్వవలెననియు నిబంధన ఉన్నట్లు సిబ్బంది విభాగపు గుమాస్తాగారు చెప్పగా విన్నాము. కోట్ల రూపాయల యంత్రాలకు ప్రతి ఏటా తనిఖీ పట్టిక వ్రాసే మేము, ఒక్క గడిని ముప్పది ఏళ్ళు తిరిగి చూడలేదు. రంగత్ రేవులో వ్రేలిముద్ర వేసిన ఆ మత్స్యకారుడు మాకన్న ముందున్నాడు.

2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలను పెట్టుకొనే వీలు కల్పించినారు. ఒక్కరి పేరు వ్రాయుటకే బద్ధకించిన మా వంటివారికి నలుగురి గడులు చాల ఎక్కువ. అయినను మొన్న కూర్చొని నింపినాము. మా శ్రీమతి ప్రక్కన నిలుచుండి అక్షరాలు సరిచూచినది.

రంగత్ వెళ్ళదలచిన మిత్రులకు ఒక మాట. పంచవటి కొండలు, ఆమ్‌కుంజ్ తీరము తప్పక చూడండి. జారవాల అడవిలో మాత్రము కెమెరా సంచిలోనే ఉంచండి. బజారులో ఏదైనా బ్యాంకు శాఖ ముందు ఉదయము నిలుచుని, తొలి బస్సు దిగి మెట్ల మీద కూర్చున్నవారిని ఒకసారి చూడండి. బయలుదేరే ముందు మీ పాసు పుస్తకము కూడ ఒకసారి తెరచి, ఆ గడిలో ఎవరి పేరున్నదో చూచుకొనండి.